ఇంట్లో కూర్చుంటే అద్దె రాదమ్మా!

"ఉద్యోగం ఎలాగూ లేదు, ఓ ఫ్లాట్ కొనుక్కుని అద్దెకిచ్చుకో. ఇంట్లో కూర్చుని నెలనెలా డబ్బు లెక్కపెట్టుకోవచ్చు." ఈ సలహా వినని ఇల్లాలు మన తెలుగునాట ఉందంటే నేను నమ్మను. బాబాయిలు చెప్తారు, మరుదులు చెప్తారు, యూట్యూబులో టై కట్టుకున్న అబ్బాయిలు చెప్తారు. చెప్పేవాళ్ళలో ఒక్కరైనా కాగితమూ కలమూ తీసి లెక్క వేసి చూపించరు. అందుకే ఈ సలహా అంటే నాకు ఒళ్ళు మంట.

సరే, మనమే వేద్దాం. ఇంటి ఖర్చు రాసుకునే పుస్తకం చాలు దీనికి.

60 లక్షల ఫ్లాట్ అనుకోండి. స్టాంపులు, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి మన రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం, అంటే మరో నాలుగున్నర లక్షలు. మొత్తం 64.5 లక్షలు. అలాంటి ఫ్లాటుకి 18,000 అద్దె వచ్చిందనుకుందాం. ఏడాదికి 2,16,000. ఒకళ్ళు ఖాళీ చేసి ఇంకొకళ్ళు దిగేలోపు ఒక నెల పోతుంది. ఆ నెల మెయింటెనెన్సు మనమే కట్టాలి. ఇంటి పన్ను, సున్నాలు, కారే కుళాయిలు, కాలిపోయే గీజరు, అన్నిటికీ కలిపి 20,000 తీసేయండి. మిగిలేది 1,78,000. పెట్టిన డబ్బు మీద మూడు శాతం కూడా కాదు! బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఇంతకి రెట్టింపు వస్తుంది. దానికి గీజరు కాలదు, కుళాయి కారదు.

ఇక అప్పు చేసి కొంటే? 45 లక్షలు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళు. నెలకి దాదాపు 39,000 వాయిదా. "అద్దెతో ఈఎమ్ఐ కట్టేసుకోవచ్చు" అంటారే, ఆ అద్దె 18,000. మిగతా 21,000 ఎక్కడినుంచి వస్తుంది? మన ఇంటి సరుకుల్లోంచి, పిల్లల ఫీజుల్లోంచి. పన్ను తగ్గుతుందంటారు. నిజమే, అద్దెలోంచి మున్సిపల్ పన్ను పోగా మిగిలిన దాంట్లో 30 శాతం తీసేసి మిగతాదానికే పన్ను వేస్తారు, వడ్డీనీ తీసేసుకోవచ్చు. కానీ ఇప్పుడు చాలామంది ఉన్న కొత్త పన్ను విధానంలో, వడ్డీ ఎక్కువై నష్టం తేలితే ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవడానికి వీల్లేదు. ఈ ముక్క ఆ టై అబ్బాయిలు చెప్పరు.

"ధర పెరుగుతుంది కదమ్మా" అంటారు. పెరగొచ్చు. కానీ అది అద్దె కాదు, పందెం. ఒక్క మాట అడగండి. ఆ ఫ్లాటులో మీ వాటాకి వచ్చే స్థలం ఎన్ని గజాలు? ధర పెరిగేది నేలకి. గోడలు ఏటేటా పాతబడేవే. యాభై ఫ్లాట్ల భవనంలో మనకి దక్కే నేల ఒక్కోసారి మన వంటిల్లూ హాలూ కలిపినంత కూడా ఉండదు.

ఇంతవరకూ డబ్బు లెక్క. అసలు కోపం ఇప్పుడు చెప్తాను.

"ఇంట్లో కూర్చుని" అన్నారే, ఆ మాట మీద. మా అత్తగారి ఇంట్లో రెండు పోర్షన్ల అద్దె వ్యవహారం పన్నెండేళ్ళుగా నేనే చూస్తున్నాను. టులెట్ బోర్డు కట్టడం, ఫోన్లెత్తడం, వచ్చినవాళ్ళకి ఇల్లు చూపించడం, మోటారు కాలితే మెకానిక్ కోసం తిరగడం, ఐదో తారీఖు దాటితే మొహమాటపడుతూ అడగడం, రాత్రి పదింటికి నీళ్ళు రావట్లేదంటే లేచి చూడడం. ఇది కూర్చోవడమా? ఇది ఒక వ్యాపారం. ఇదే పని బయటివాడు చేస్తే మేనేజరంటారు, జీతమిస్తారు. మనం చేస్తే "ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా" అంటారు.

పని మనది సరే, ఇల్లు ఎవరిది? "ఇల్లాలు" అన్న మాటలోనే ఇల్లు ఉంది. ఇంటి దస్తావేజులో మాత్రం ఆమె ఉండదు. నాకు తెలిసిన ఎన్ని ఇళ్ళల్లోనో పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం అమ్మి, గాజులు అమ్మి, ఆయన పేర ఫ్లాట్ కొన్నారు. "లోన్ ఆయన జీతం మీదే కదా" అని ఒక్క మాటతో సరి. 1956 హిందూ వారసత్వ చట్టం ఆడదాని ఆస్తిని పూర్తిగా ఆమెదేనంది. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటాని మన ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే ఇచ్చింది. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. అంత పోరాడి వచ్చిన హక్కుని మనం ఒక్క సంతకంతో పక్కవాళ్ళ పేర రాసేస్తున్నాం. రేపు తేడా వస్తే ఆ గాజుల డబ్బు మనదేనని రుజువు చేసుకోడానికి కోర్టు మెట్లెక్కాలి.

అయితే ఇల్లు కొనొద్దంటున్నానా? కాదు. వ్యాపారమని తెలిసి చెయ్యమంటున్నాను.

మన సొమ్ము ఎంత పడితే దస్తావేజులో మన వాటా అంత ఉండాలి. అడగడానికి మొహమాటమైతే ఆ డబ్బు బ్యాంకులోనే ఉంచండి. సొంత స్థలం ఉన్నవాళ్ళు ఫ్లాట్ వేటకి ముందు మేడ వైపు చూడండి. నేల ఖర్చు లేదు కాబట్టి, అనుమతి తీసుకుని 12 లక్షల్లో పోర్షన్ వేసి 7,000 అద్దె వచ్చినా ఏడు శాతం చేతికొస్తుంది. కొనేదైతే ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో లేదని తేల్చుకోండి. కొత్త ప్రాజెక్టయితే రెరా నంబరు అడగండి. "ప్రీలాంచ్, సగం ధరకే" అన్నవాడికి దణ్ణం పెట్టి వచ్చేయండి. రెరా కిందికొచ్చే ప్రాజెక్టులో నమోదు కాకముందే అమ్మకానికి పెట్టడం చట్టవిరుద్ధం. "నెలనెలా అద్దె గ్యారంటీ" అన్నవాడికి ఇంకో దణ్ణం. ఆ అద్దె మన డబ్బే విడతలుగా తిరిగొస్తున్నదేమో చూసుకోండి.

అద్దెకిచ్చేటప్పుడు నోటిమాట వద్దు, అగ్రిమెంటు రాయించండి. మన రెండు రాష్ట్రాల్లో లీజు ఎన్ని నెలలదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పదకొండు నెలలకి రాసుకున్నంత మాత్రాన అది తప్పదు. అడ్వాన్స్ మన డబ్బు కాదు, వాళ్ళు వెళ్ళేరోజున ఇవ్వాల్సింది. దాన్ని విడిగా దాచండి. వచ్చినవాళ్ళని కులమేంటి, ఒంటరిగా ఎందుకున్నావని అడక్కండి. ఆ ప్రశ్న మన కూతురు బెంగుళూరులో గది వెతుక్కునేటప్పుడు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి.

ఇక చివరి మాట. అద్దె ఎవరి ఖాతాలో పడుతోంది? పని మనమే చేసి, ఇంట్లో డబ్బూ మనదే పడ్డాక, ఆ ఖాతా పాసుపుస్తకం మీద మన పేరు లేకపోతే దాన్ని మన ఆదాయమని చెప్పి మనల్ని సంబరపడమనే హక్కు ఎవరికీ లేదు. ఈ నెల అద్దె పడకముందే ఆ సంగతి ఇంట్లో మాట్లాడండి.