మీటరు పెట్టకుండా పార్టు మార్చే మహానుభావులకు

ముందే చెప్పేస్తున్నా, ఇది కాస్త కోపం మీద రాస్తున్న టపా. ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోండి. ఆ మహానుభావుల్లో నేనూ ఒకణ్ణే కాబట్టి నాకా హక్కుంది అనుకుంటున్నా.

విషయం స్నోమొబైల్ గురించి. అదేంటి అనేవాళ్ళ కోసం: ముందు రెండు స్కీలు, వెనక యుద్ధ ట్యాంకుకున్నట్టు ఒక రబ్బరు పట్టా, మధ్యలో మోటారు సైకిలు లాంటి ఇంజనూ హ్యాండిలూ. మంచు మీద పోతుంది. నేనుండే మిన్నెసోటాలో దీనికోసమే 22 వేల మైళ్ళ పైచిలుకు దారులున్నాయి. పొలారిస్, ఆర్కటిక్ క్యాట్ కంపెనీలు రెండూ పుట్టింది ఈ రాష్ట్రం ఉత్తరపు కొసన ఉన్న చిన్న ఊళ్ళలోనే. ఇక్కడి వాళ్ళకి అది మనకి టీవీఎస్ ఫిఫ్టీ లాంటిది.

వచ్చిన మొదటి రెండు చలికాలాలు హీటరు పక్కన కూర్చుని ఆవకాయన్నం తింటూ గడిపేశాం. మూడో ఏడు విసుగొచ్చి నేనూ మా రూమ్మేటూ కలిసి 1500 డాలర్లు పెట్టి ఒక పాత బండి కొన్నాం. టూ స్ట్రోకు, రెండు సిలిండర్లు, కార్బురేటరు, తాడు లాగి స్టార్ట్ చెయ్యాలి. బ్యాటరీ అసలు లేదు. ఇంజను తిరిగితే ఫ్లైవీలులో ఉన్న అయస్కాంతాలు తిరుగుతాయి, వాటి లోపలున్న స్టేటరు కాయిల్సు కరెంటు పుట్టిస్తాయి. అందులో కొంత సీడీఐ పెట్టెకి పోయి స్పార్కు అవుతుంది, మిగతాది లైట్లకీ, చేతులు వెచ్చగా ఉంచే హ్యాండిల్ హీటర్లకీ. ఇంతే దాని సర్క్యూటు. మన థర్డ్ ఇయర్ పేపర్లో నాలుగు మార్కుల ప్రశ్నకి కూడా చాలదు.

పది నిమిషాలు బాగా పోయేది, ఉన్నట్టుండి ఠక్కున ఆగిపోయేది. తాడు లాగితే మళ్ళీ స్టార్టయ్యేది. ఒక్కోసారి అయ్యేది కాదు. ఆయాసపడుతూ, దగ్గుతూ ఆగితే ముందు పెట్రోలు వైపు చూడాలి, స్విచ్చి ఆపినట్టు ఆగితే ముందు కరెంటు వైపు చూడాలి అని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు. షాపుకి తీసుకెళ్ళాం. ఏ షాపో చెప్పను, అలాంటివి ప్రతి ఊళ్ళో ఉంటాయి.

మొదటిసారి ప్లగ్గులు మార్చాడు. రెండోసారి "సీడీఐ అయ్యుంటుంది" అని అది మార్చాడు. మూడోసారి "అయితే స్టేటరే" అని ఫ్లైవీలు లాగి అదీ మార్చాడు. మొత్తం 940 డాలర్లు. ప్రతిసారీ స్టాండు మీద అరగంట నడిపి చూశాం, ఎక్కడా ఆగలేదు అని చెప్పి పంపాడు. మేమూ డబ్బులిచ్చి, థాంక్యూ చెప్పి వచ్చాం. ఇద్దరం ఇంజనీర్లం. ఇద్దర్లో ఒక్కడంటే ఒక్కడు "స్టేటరే అని ఎలా తెలిసింది? ఏం కొలిచారు?" అని అడగలేదు.

జనవరి ఆఖర్లో మిల్ లాక్స్ సరస్సు మీదకెళ్ళాం. అది గడ్డకట్టాక జనం దాని మీద చిన్న చిన్న గుడిసెల్లాంటివి వేసుకుని, ఐసుకి కన్నాలు పెట్టి చేపలు పడతారు. సాయంత్రం వెనక్కొస్తుంటే సరస్సు మధ్యలో బండి ఆగింది. మైనస్ 24 సెల్సియస్, పైన గాలి. ఒక స్కీ ఐసు గడ్డకి తన్నుకుని హ్యాండిలు ఎడమ పక్కకి తిరిగిపోయి ఉంది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పని ఉంది. ఇద్దరం మార్చి మార్చి ఓ యాభై అరవై సార్లు తాడు లాగాం. ఒక్క స్పార్కు లేదు. దార్లో ఎడమ చేతి హీటరు కూడా పనిచెయ్యలేదు. అప్పుడు నడిపింది మావాడే, గ్లవ్సు తీసి చూస్తే వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "బావా, ఈ రెండు వేళ్ళు నావి కావురా" అన్నాడు. వాడు జోకేశాడో ఏడ్చాడో నాకిప్పటికీ తెలీదు. చీకటి పడే వేళకి ఒక పెద్దాయన తన గుడిసెలోంచి చూసి, వచ్చి బండిని తాడు కట్టి లాక్కెళ్ళాడు. వాడి వేళ్ళకి స్పర్శ పూర్తిగా రావడానికి పది రోజులు పట్టింది.

ఆ వారం 25 డాలర్లు పెట్టి మల్టీమీటరు కొన్నా. సర్వీసు మాన్యువల్ సంపాదించి వైరింగు బొమ్మ ప్రింటు తీసి గరాజు గోడకి అతికించా. చూడగానే మొదట సిగ్గేసింది.

ఇలాంటి పాత మాగ్నెటో బళ్ళలో చాలావాటికి ఇంజను ఆపే స్విచ్చి కరెంటుని తెంపదు, ఎర్తుకి కలుపుతుంది. ఇంట్లో స్విచ్చికి సరిగ్గా తల్లకిందులు. తాళం చెవి, హ్యాండిలు మీదున్న ఎర్ర బొత్తాం, యాక్సిలరేటరు ఇరుక్కుంటే ఇంజను ఆపే సేఫ్టీ స్విచ్చి, మూడూ ఒకే వైరు మీద కలుస్తాయి. ఆ వైరు సీడీఐకి పోతుంది. అది ఎక్కడైనా ఇనుముకి తగిలిందంటే చాలు, ఎవరో బొత్తాం నొక్కినట్టే. (అన్ని బళ్ళూ ఇలా ఉండవు, కొన్ని దీనికి సరిగ్గా ఉల్టా. అందుకే బొమ్మ చూడకుండా చెయ్యి పెట్టకూడదు.)

అంటే ఏంటి? సీడీఐ, స్టేటరు ఒక పక్క. స్విచ్చిలూ, హ్యాండిలు దాకా పోయే వైర్లూ ఇంకో పక్క. మధ్యలో ఒక కనెక్టరు. అది పీకేస్తే సమస్య ఏ సగంలో ఉందో తేలిపోతుంది. బైనరీ సెర్చి బాబూ, ఇంటర్వ్యూలో నిద్దట్లో లేపినా చెప్తాం కదా! పీకి తాడు లాగితే రెండో లాగుకే స్టార్టయింది. (ఆ స్థితిలో బొత్తాం నొక్కితే ఆగదు, చోకు లాగి ఆపాలి. అలా పెట్టుకుని రోడ్డెక్కకండి. స్పార్కు చూసేటప్పుడు ప్లగ్గు ఇనుప ఒళ్ళు ఇంజనుకి ఆనించి ఉంచాలి, గాల్లో వేలాడదీసి తాడు లాగితే బాగున్న సీడీఐ కూడా పోయే ప్రమాదం ఉంది.)

తర్వాత మీటరుని బీపు మోడ్‌లో పెట్టి, ఒక మొన స్విచ్చిల వైపు వైరుకీ రెండోది ఇంజను ఇనుముకీ పెట్టా. బండి నడిచే స్థితిలో స్విచ్చిలున్నప్పుడు బీపు రాకూడదు. రాలేదు. హ్యాండిలు కుడికి తిప్పా, లేదు. ఎడమకి పూర్తిగా తిప్పా, కుయ్ మంది. విప్పి చూస్తే హ్యాండిలు కడ్డీ పక్కన వైర్ల కట్ట రాసుకుని రాసుకుని, ఒక వైరు తొడుగు బియ్యపు గింజంత మేర పోయింది. చలికి ఆ ప్లాస్టిక్కు గట్టిపడి పెళుసెక్కుతుంది కూడా. ఎడమకి తిప్పినప్పుడల్లా రాగి వెళ్ళి కడ్డీకి తగులుతోంది. సరస్సు మీద హ్యాండిలు ఎడమకే తిరిగి ఉంది. మేం అరవై సార్లు కాదు, తెల్లారేదాకా లాగినా స్టార్టయ్యేది కాదు. హ్యాండిలు నిటారుగా తిప్పి ఒక్కసారి లాగుంటే ఇంటికెళ్ళేవాళ్ళం.

కొత్త తొడుగు, టేపు, ఒక క్లిప్పు కలిపి మూడు డాలర్లు.

ఇప్పుడు కోపం సంగతి. షాపువాడు స్టాండు మీద నడిపినంతసేపూ హ్యాండిలు తిన్నగానే ఉంది. "మా మెషీన్ మీద పనిచేస్తోంది" అని మనం టెస్టరు మొహం మీద చెప్పే మాటే వాడు మాకు చెప్పాడు. ఎప్పుడు ఆగుతోంది, ఏం చేస్తుండగా ఆగుతోంది, వేడెక్కాకా, గతుకుల్లోనా, మలుపులోనా అని ఒక్క ప్రశ్న లేదు. వేడెక్కాకే ఆగితే కాయిల్నో సీడీఐనో అనుమానించడంలో అర్థముంది. గతుకుల్లో ఆగితే కనెక్టరు చూడాలి. మలుపులో ఆగితే హ్యాండిలు దగ్గర చూడాలి. ఇది రాకెట్టు సైన్సు కాదు, జ్వరం ఎప్పుడొస్తోందమ్మా అని ఆర్ఎంపీ డాక్టరు కూడా అడుగుతాడు.

పైగా చాలా షాపుల్లో ఒకసారి అమ్మిన ఎలక్ట్రికల్ పార్టులు వాపసు తీసుకోరు. అంటే వాడి తప్పు అంచనాకి డబ్బు కట్టేది మనం. అంచనా తప్పిన ప్రతిసారీ వాడికి ఇంకో బేరం. ఇలాంటి లెక్కలో కొలవాలని ఎవడికుంటుంది?

సరే, వాడి వ్యాపారం వాడిది. మన సంగతేంటి? నేను చదివింది ఈఈఈ. నాలుగేళ్ళలో ఎన్ని ల్యాబులు! రీడింగులు తీసిందెవడు? సీనియరు రికార్డు తెచ్చుకుని, గ్రాఫు అందంగా వచ్చేలా వెనక నుంచి ముందుకి అంకెలు వేసుకుని, వైవాలో సార్ దగ్గర వినయంగా నిలబడి మార్కులు తెచ్చుకున్నాం. మీటరు రీడింగు పుస్తకంతో కలవకపోతే మీటరుదే తప్పు అనుకున్నాం. ఆ అలవాటే ఉద్యోగంలోకీ వచ్చింది. సర్వరు స్లో అయితే రీస్టార్టు. మళ్ళీ స్లో అయితే టైమవుటు పెంచు, ఇంకా అయితే ర్యామ్ పెంచు. లాగు చూశావా అంటే "చూడాలి" అంటాం. సీడీఐ మార్చినవాడికీ మనకీ తేడా ఏంటో నాకు చెప్పండి.

హీటరు సంగతి మిగిలిపోయింది కదా. అది నన్ను ఇంకా ఏడిపించింది. కనెక్టరు దగ్గర మీటరు పెడితే వోల్టేజీ బ్రహ్మాండంగా ఉంది. (ఈ బండిలో అది ఏసీ, డీసీలో పెట్టి చూసి ఏమీ లేదని స్టేటరు కొనేవాళ్ళు కూడా ఉంటారు.) హీటరు తీగ తెగలేదు. ఎర్తు వైరుకి బీపు వస్తోంది. అన్నీ బాగున్నాయి, హీటరు మాత్రం చల్లగా ఉంది.

తణుకులో మా ఇంటి వెనక సందులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ బాబాయి ఉండేవాడు. ఆయన దగ్గర మీటరు ఉండేది కాదు. బ్రేకు లైటు బల్బుకి రెండు వైర్లు అతికించి పెట్టుకునేవాడు, ఆయన ల్యాబు మొత్తం అదే. ఇంజనీరింగు సీటొచ్చిన కొత్తలో నేను దాన్ని చూసి నవ్వాను కూడా. డిజిటల్ మీటరు దాదాపు కరెంటేమీ లాగదు. అందుకే వైరులో ఒక్క పోగు మిగిలినా, బోల్టు కింద తుప్పు పట్టినా, "వోల్టేజీ ఉంది" అని చెప్తుంది. బీపుకీ అంతే, దానికి ఒక్క పోగు చాలు. 21 వాట్ల బల్బు అలా కాదు, ఆంపియరున్నర పైగా అడుగుతుంది. లైను ఆ బరువు మొయ్యలేకపోతే మసగ్గా వెలిగి నిజం చెప్పేస్తుంది.

బాబాయి బల్బు లాంటిదే ఒకటి కట్టుకుని, ఇంజను నడుస్తుండగా హీటరుకొచ్చే కరెంటు వైరుకీ ఇంజను ఇనుముకీ మధ్య పెట్టా. ధగధగా వెలిగింది. అదే కరెంటు వైరుకీ హీటరు ఎర్తు వైరుకీ మధ్య పెడితే అగరొత్తి నిప్పులా ఉంది. ఎర్తు బోల్టు విప్పితే కింద పచ్చగా, తెల్లగా తుప్పు. బండిని ట్రైలరు మీద తెచ్చేటప్పుడు రోడ్డు మీద చల్లే ఉప్పు చేసిన పని. గీకి, బిగించి, గ్రీజు రాస్తే పది నిమిషాల్లో చెయ్యి కాలింది :)

"గంటకి వందా నూట యాభై డాలర్ల లేబరు, నువ్వు చెప్పినట్టు కూర్చుని వెతికితే పార్టు కన్నా వెతుకులాటే ఎక్కువవుతుంది" అని ఆఫీసులో ఒకాయన అన్నారు. నిజమే కొన్నిసార్లు. అదే మోడలు స్నేహితుడి బండిలోంచి బాగున్న సీడీఐ తెచ్చి పెట్టి చూడటాన్ని నేను తప్పనను. అది కూడా కొలతే, పనిచెయ్యకపోతే తీసి ఇచ్చేస్తాం. కానీ నాకు పట్టింది నలభై నిమిషాలు, అదీ మొదటిసారి. రోజూ అదే పని చేసేవాడికి పదిహేను చాలు. 940 డాలర్లలో ఎన్ని పదిహేనులున్నాయో లెక్కేసుకోండి.

కొత్త బళ్ళయితే ఇంకో గోల. ఇంజెక్షనూ, కంప్యూటరూ, కోడు చేసిన తాళం చెవీ. సరిగ్గా లోపలికి చూడాలంటే డీలరు దగ్గరుండే సాఫ్ట్‌వేరు కావాలి. మిన్నెసోటాలో 2023లో రిపేరు హక్కు చట్టం చేశారు, 2024 జులై నుంచి అమల్లో ఉంది. చూసి సంబరపడ్డా. మినహాయింపుల జాబితా చదివితే ట్రాక్టర్లు, కార్లతో పాటు ఇలాంటి వినోద వాహనాలూ అందులో ఉన్నాయి. అది వేరే టపాకి సరిపడా కోపం. కానీ మాన్యువల్ ఉన్న పాత బండినే కొలవనివాళ్ళం, కొత్తదాని కోసం ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?

పోయిన శనివారం అదే బండి హెడ్‌లైట్లు ఆరిపోయాయని మావాడు ఫోన్ చేశాడు. యాక్సిలరేటరు గట్టిగా ఇవ్వగానే బాగా వెలిగి పోయాయట. "స్టేటరు మళ్ళీ పోయినట్టుంది బావా, ఆర్డరు పెట్టేశా" అన్నాడు. స్టేటరు పోతే బల్బు అలా వెలిగి చావదురా, వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటరు చూడు, ముందు దాని ఎర్తు చూడు అన్నా. వెళ్ళి చూస్తే రెగ్యులేటరు బోల్టు వదులై ఊగుతోంది. బిగించి, మీటరు పెట్టి, ఇంజను వేగం పెంచితే పధ్నాలుగు దగ్గర నిలబడింది. రెండు బల్బులు కొన్నాడు. స్టేటరు మాత్రం అప్పటికే షిప్పయిపోయింది.