ఫ్రిస్కోలో కారు లేకపోతే కాలు లేనట్టే

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో ఇప్పుడు మనవాళ్లకు కొత్త ఊరేమీ కాదు. 2000 జనగణనలో 33,714 మంది ఉన్న ఈ ఊరు 2020 నాటికి రెండు లక్షలు దాటింది. మంచి బళ్లు, వెడల్పాటి రోడ్లు, చప్పుడు లేని వీధులు. హైదరాబాదు రొదలోంచి వచ్చిన మనకు మొదట్లో హాయిగానే ఉంటుంది. నెల తిరిగేసరికి అసలు సంగతి తెలుస్తుంది. పాలు కావాలన్నా, కార్యసిద్ధి హనుమాన్ గుడికి పోవాలన్నా కారు తీయాల్సిందే.

ఇంత పెద్ద ఊళ్లో సిటీ బస్సు ఎందుకు లేదు? అందరికీ కార్లున్నాయి కాబట్టి అనుకుంటాం. కానీ అమ్మకం పన్ను లెక్క కూడా చూడాలి. టెక్సాస్‌లో డాలరు కొనుగోలు మీద రాష్ట్రం 6.25 సెంట్లు తీసుకుంటుంది. స్థానిక పన్నులన్నీ కలిపి 2 సెంట్లు దాటకూడదు. పక్కనున్న ప్లానో అందులో ఒక సెంటును డార్ట్ రవాణా సంస్థకు కేటాయించింది. ఫ్రిస్కో ఆ సెంటును చెరిసగం చేసి కంపెనీలను రప్పించే సంస్థకు, పార్కుల వంటి వసతులు కల్పించే సంస్థకు ఇచ్చింది. కంపెనీలు వచ్చాయి, స్టేడియాలు వచ్చాయి, బస్సు రాలేదు. 2025 అక్టోబరు 25న మొదలైన డార్ట్ సిల్వర్ లైన్ రైలు కూడా విమానాశ్రయం నుంచి ప్లానో దాకా 26 మైళ్లు నడుస్తుంది గానీ ఫ్రిస్కోకు రాదు.

ఈ భారం ఇంట్లో అందరి మీదా ఒకేలా పడదు. ఉన్న ఒక్క కారూ ఆఫీసుకు పోతే, హెచ్-4 వీసా మీద వచ్చిన ఇల్లాలు సాయంత్రం దాకా నాలుగు గోడల మధ్యే. 2015 నుంచి హెచ్-4 వారిలో కొందరికి పనిచేసే అనుమతి దొరుకుతోంది. అనుమతి చేతికొచ్చినా పనికి వెళ్లడానికి మళ్లీ కారే కావాలి. ఇక ఆర్నెల్లకని వచ్చిన అమ్మానాన్నలు శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటారు.

పైగా వీసా మీద ఉన్నవారికి టెక్సాస్ లైసెన్సు ఐ-94 గడువు దాకానే చెల్లుతుంది. భార్యాభర్తల గడువు ఒకే రోజైతే ఇద్దరి లైసెన్సులూ ఒకేసారి ముగుస్తాయి. అందుకే పొడిగింపు కాగితాలు ముందే కదపాలి.

ఇల్లు వెతికేటప్పుడు మనం స్కూలు రేటింగు చూస్తాం, చదరపు అడుగులు లెక్కేస్తాం. కారు లేకుండా నడిచి వెళ్లేంత దూరంలో ఏముందో కూడా చూద్దాం. పెద్ద టీవీ కొనేముందు ఇంట్లో రెండో మనిషికి డ్రైవింగ్ నేర్పిద్దాం. ఇరుగుపొరుగు పెద్దలను వారానికొకరు వంతులేసుకుని గుడికో, లైబ్రరీకో తీసుకెళదాం.

మనలో చాలామందికి ఇక్కడ ఓటు లేదు, నిజమే. పన్ను మాత్రం కడుతున్నాం. నగర కౌన్సిల్ అజెండాలోని అంశాలపై ప్రజలను మాట్లాడనివ్వాలని 2019లో టెక్సాస్ చట్టమే చేసింది. రవాణా విషయం చర్చకొచ్చిన రోజు ఇంటికొకరం వెళ్లి, బస్సు ఎవరికి అవసరమో చెప్పి రావచ్చు.