ఆరేళ్ల లెక్క

పదో తరగతి ఫలితాలొచ్చిన సాయంత్రం కొల్లేటి లంకల్లో ఏ అరుగు మీద చూసినా ఒకటే చర్చ... పిల్లాణ్ని ఎందులో చేర్పించాలి?

‘‘బైపీసీలో చేర్పించెయ్ బావా, ఏలూరులోనో బెజవాడలోనో’’ అంటాడు పట్నం నుంచి వచ్చిన బావమరిది. ఫీజు సంగతి చెవిన పడగానే తండ్రి చూపు చెరువు గట్టు మీదికి పోతుంది. పిల్లాడు మెల్లిగా నోరు విప్పుతాడు. ‘‘మా మాస్టారు వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేరమన్నారు నాన్నా. రెండేళ్లేనంట.’’

‘‘డిప్లొమానా? దాంతో ఆగిపోతావురా అబ్బాయ్!’’ అనేస్తాడు మావయ్య. దాంతో మాట తెగిపోతుంది.

నిజంగా అక్కడితో ఆగిపోవాల్సిందేనా?

అక్కర్లేదు. డిప్లొమా అయినవాళ్లు డిగ్రీలో చేరడానికి వేరే దారి ఉంది. వ్యవసాయ డిప్లొమా చేసినవారి కోసం ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘అగ్రిసెట్’ నిర్వహిస్తుంది. ఉద్యాన డిప్లొమా వారికి ‘హార్టీసెట్’ ఉంది. దాన్ని నడిపేది 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం. అదెక్కడో కాదు, తాడేపల్లిగూడెం పక్కనే ఉన్న వెంకటరామన్నగూడెంలో! వీటిలో మంచి ర్యాంకు తెచ్చుకుంటే బీఎస్సీ ఆనర్స్‌లో సీటు దొరుకుతుంది. ఇంటర్ పిల్లలు రాసే ఈఏపీసెట్‌తో పని లేదు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. ఇంజినీరింగ్ డిప్లొమా చేసిన కుర్రాడు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో కూర్చుంటాడు. వ్యవసాయ డిప్లొమా కుర్రాడికి ఆ సౌకర్యం లేదు. విత్తనం, నేల, ఎరువు, పురుగు అంటూ రెండేళ్లు చదివొచ్చినా మళ్లీ మొదటి ఏడాదిలోనే అడుగుపెట్టాలి.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ చాలామంది ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఫీజుతో రెండేళ్లు చదువుతారు. ఆ మార్కుల్ని క్రెడిట్ల రూపంలో వెంట తీసుకెళ్లి విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదికి చేరతారు. రెండూ కలిపి నాలుగేళ్లు. రెండు కాలేజీల మధ్య ముందే ఒప్పందం ఉంటే ఇబ్బంది లేదు. లేకపోతే కొన్ని క్రెడిట్లు అక్కడా లెక్కలోకి రావు.

మన దగ్గరా గాలి కొంత మళ్లుతోంది. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత క్రెడిట్లు దాచుకునే ‘బ్యాంకు’ వచ్చింది. వ్యవసాయ డిగ్రీలో ఏడాది తర్వాత సర్టిఫికెట్‌తో, రెండేళ్ల తర్వాత డిప్లొమాతో బయటికి వచ్చే వీలును కొత్త పాఠ్యప్రణాళిక కల్పించింది. డిగ్రీలో చేరినవాడు మధ్యలో ఆగితే చదివిన చదువుకు విలువ కడుతున్నప్పుడు, కింది నుంచి పైకి వచ్చే పాలిటెక్నిక్ కుర్రాడి రెండేళ్లకు మాత్రం విలువ ఎందుకు ఉండకూడదు? తల్లిదండ్రులు గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇదే.

సరే, ఆ రోజు వచ్చేదాకా ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ నాలుగేళ్లు... మొత్తం ఆరు. డిప్లొమా రెండేళ్లు, డిగ్రీ నాలుగేళ్లు... అదీ ఆరే! అంటే బైపీసీ పిల్లాడి కంటే మన పిల్లాడు వెనకబడేదేమీ లేదు. తేడా అంతా రెండో ఏడాది చివర చేతికొచ్చే కాగితంలో ఉంది. ఇంటర్ సర్టిఫికెట్ పై చదువుకు తలుపు తీస్తుంది. డిప్లొమా అయితే ఉద్యోగానికీ తలుపు తీస్తుంది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు వ్యవసాయ, ఉద్యాన సహాయకుల కొలువులకు డిగ్రీ వారితోపాటు డిప్లొమా వారినీ అర్హులుగా తీసుకున్నారు. విత్తన కంపెనీలు, ఎరువుల దుకాణాలు, నర్సరీలు ఎలాగూ ఉన్నాయి.

కష్టాలు లేవా? ఉన్నాయి. డిప్లొమా వారికిచ్చే డిగ్రీ సీట్లు తక్కువ, రాసేవాళ్లు ఎక్కువ. వయసు నిబంధన కూడా ఉంటుంది కాబట్టి ఏటా వచ్చే ప్రకటనను చివరిదాకా చదవాలి. వ్యవసాయ డిప్లొమాతో వ్యవసాయ డిగ్రీకి, ఉద్యాన డిప్లొమాతో ఉద్యాన డిగ్రీకి... ఎవరి దారి వారిదే. అందుకే ఏ డిప్లొమా అన్నది పదో తరగతి అయిన వెంటనే ఆలోచించుకోవాలి. అన్నిటికంటే పెద్ద గండం మొదటి ఏడాది. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. జన్యుశాస్త్రం, జీవరసాయనశాస్త్రం లాంటివి బైపీసీ చదివొచ్చినవాళ్లకు కాస్త తెలిసిన దారి. డిప్లొమా కుర్రాడికి అదంతా ఎదురు ఈత. సీటు వచ్చిందన్న సంబరంలో పడకుండా తరగతులు మొదలయ్యేలోగా ఇంటర్ జీవశాస్త్రం, రసాయనశాస్త్రం పుస్తకాలు తిరగేస్తే సగం భయం పోతుంది.

మిగతా సగం పొలంలో దిగితే పోతుంది. చివరి ఏడాదిలో విద్యార్థుల్ని పల్లెలకు పంపి రైతులతో కలిసి పనిచేయిస్తారు. పట్నం పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని తడబడే ఆ గట్ల మీద, లంకల్లో పెరిగిన కుర్రాడికి ఒకరు దారి చూపించక్కర్లేదు.

ఈ ప్రాంతానికి అలాంటి పిల్లల అవసరమూ ఉంది. 2006లో అభయారణ్యం పరిధిలోని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు, తాతల నాటి పని ఒక్కటే నమ్ముకోవడం ఎంత ప్రమాదమో కొల్లేటి కుటుంబాలకు తెలిసొచ్చింది. మరోపక్క చదువుకున్నవాడికి చుట్టుపక్కలే పని కనిపిస్తోంది. మార్టేరులో వరి పరిశోధన కేంద్రం ఉంది. దేశమంతా తెలిసిన ‘స్వర్ణ’ వరి పుట్టింది అక్కడే. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. మెట్టకు వెళ్తే కోకో, కొబ్బరి తోటలు.

కాబట్టి అరుగు మీద మాట మళ్లీ మొదలైనప్పుడు ‘డిప్లొమాతో ఆగిపోతాడా’ అని కాకుండా ‘రెండేళ్లయ్యాక వీడి చేతిలో ఏముంటుంది, ఆ తర్వాత ఏ పరీక్ష రాయాలి’ అని అడగండి. మావయ్య దగ్గర జవాబు లేకపోవచ్చు. మాస్టారి దగ్గర ఉంటుంది. పిల్లాణ్ని వెంటబెట్టుకుని, దరఖాస్తు గడువు దాటకముందే ఒకసారి వెళ్లి కలవండి.