కొనువారి నెఱిగి సరకు చేయుట

పైరు పెట్టుటకు ముందు నేల యెట్టిదో, నీరు చాలునో చాలదో విచారింపని రైతు లేడు. కాని ఆ రైతు కుమారుడే చదువు ముగించి యొక చిన్న వ్యాపారము పెట్టదలచినపుడు, కొనువారెవరో, ఎంత కొందురో విచారింపకయే సంఘమునకు ఋణపు దరఖాస్తు తెచ్చుచున్నాడు. తప్పు వానిది కాదు. వానికి లెక్కలు నేర్పితిమి, ఇంగ్లీషు నేర్పితిమి. అంగడిని విచారించు విధమును మాత్ర మెవరును నేర్పలేదు. ఈ విద్యను మన పాఠశాలలలోను, కళాశాలలలోను నేర్పవలయుననియు, అందుకు సహకార సంఘములు పూనుకొనవలయుననియు మా యభిప్రాయము.

మా యెఱుకలోని యొక సంగతి చెప్పెదము. ఒక గ్రామమున ముగ్గురు యువకులు కలసి వేరుశనగ గానుగ పెట్టిరి. అంతకు ముందు వారు బంధుమిత్రులను "కల్తీలేని గానుగనూనె తెచ్చిన కొందురా?" అని యడిగిరి. కాదన్నవారు లేరు. మొదటి నెల మాటకొఱకు కొన్నవారు రెండవ నెల మరల దుకాణపు ప్యాకెట్టునకే పోయిరి. గానుగ ఆగినది గాని వడ్డీ ఆగలేదు. ఆ గ్రామస్థులు అబద్ధమాడిరని మేమనము. ముఖము చూచి యడిగినపుడు కాదనుట మనవారి మర్యాద కాదు. అడిగిన ప్రశ్నయే తప్పు.

"పోయిన నెల మీ యింట ఏ నూనె, ఎంత, ఏ ధరకు, ఎవరియొద్ద కొంటిరి?" అని యడుగవలసి యుండెను. రేపటి మాట మర్యాదకై చెప్పవచ్చును; నిన్నటి ఖర్చు జరిగిపోయిన సంగతి. విద్యార్థికి మొదటి పాఠ మిదియే.

రెండవది, ఎవరి నడుగవలె ననునది. చుట్టముల యిండ్లు నాలుగు చూచిన చాలదు. పేద ధనిక భేదము లేక ఊరిలో ప్రతి పదవ యింటిని చూడవలెను. కూలివారు ఏ పూటకాపూట చిన్న పొట్లముగా కొందురు. ఉద్యోగస్థులు నెలకొకమారు కొందురు. హోటలువారు డబ్బాలతో, అరువుమీద కొందురు. మూడవది పోటీ. ఇప్పుడు అమ్ముడుపోవు సరకేది, దాని ధర యెంత, దుకాణదారునకు మిగులెంత, అరువెన్ని దినములు అని తెలిసికొనవలెను.

నాలుగవది లెక్క. 100 కిలోల వేరుశనగ కాయను ఒలిచినచో సుమారు 70 కిలోల పప్పు వచ్చును. గానుగలో ఆ పప్పునకు నూటికి 40 వంతుల చొప్పున నూనె దిగినచో 28 కిలోలగును. మిగిలిన చెక్కను కొనువారు వేఱు. వారు పాడిపశువులు గలవారు. కాయ ధర, ఒలుపు కూలి, కరెంటు, సీసాలు, రవాణా, వడ్డీ, ఇంత బరువును ఆ 28 కిలోల నూనెయు, ఆ చెక్కయు మోయవలెను. అట్లు తేలిన ధరను, విచారణలో తెలిసిన అంగడి ధర ప్రక్కన పెట్టినచో, గానుగ కొనక మునుపే ఫలితము కాగితముమీద కనబడును.

అయిదవది పరీక్ష. ఇతరుల గానుగలో కూలికి ఆడించి, 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించుకొని, ఒక నెల సంతలో అమ్మి చూడవలెను. మొదటిమారు కొన్నవాడు రుచి చూచువాడు. రెండవమారు వచ్చినవాడే ఖాతాదారు.

వర్తకము అనుభవముచే వచ్చును గాని పాఠముచే రాదని కొందఱు పెద్దలందురు. నిజమే. అయితే ఆ యనుభవమునకు రుసుము చెల్లించుచున్న దెవరు? మన వాటాధనమే కదా! నెల దినముల కాలినడకతో తెలియుదానిని అయిదేండ్ల అప్పుతో తెలిసికొన నేల? 1946లో నేటి గుజరాతులోని ఖేడా జిల్లా పాల సంఘము నమోదైననాటికే బొంబాయి నగరము ఆ ప్రాంతపు పాలను కొనుచుండెను. కొనువాడున్నాడని యెఱిగియే ఆ రైతులు నడిమివానిని తప్పించి సంఘము కట్టిరి.

ఇందుకు త్రోవయు లేకపోలేదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 వఱకు తరగతుల పిల్లలు పది దినములు పుస్తకాల సంచి లేకుండ స్థానిక వృత్తులవారియొద్ద నేర్వవలెనని సూచించినది. వ్యవసాయ పట్టమునకు చదువు విద్యార్థులు తుది సంవత్సరమున గ్రామములందుండి పని నేర్చు ఏర్పాటు కలదు. వారికి పైరును, తెగుళ్లను చూపుచున్నాము. సంతను కూడ చూపుదము. ప్రతి సంఘమును వేసవిలో ఒక సరకు నెన్నుకొని విద్యార్థులచే విచారణ చేయించి, ఆ పుస్తకమును సర్వసభ్య సమావేశమున చదివింపవలయును. క్రొత్త వ్యాపారమునకు ఋణము కోరువాడు దరఖాస్తుతోపాటు అట్టి పుస్తకము నొకటి దాఖలు చేయవలయును. గిరాకి లేదని తేలినచో పిల్లవాడు ఓడెనని యెంచరాదు. సంఘపు ధనమును కాపాడిన వాడతడే.

సభ్యులకు మా మనవి యొకటి. రేపు నోటుపుస్తకముతో ఒక పిల్లవాడు మీ వాకిట నిలిచి యడిగినపుడు పొమ్మనకుడు, ముఖస్తుతియు చేయకుడు. కొన్నది కొన్నట్లు, ఇచ్చిన ధర ఇచ్చినట్లు చెప్పుడు. కొనమని తోచినచో కొనమనియే చెప్పుడు. ఆ మాట వానికొక దినము కష్టముగా నుండును. అప్పు వాని కుటుంబమునకు ఏండ్లతరబడి కష్టముగా నుండును.