తిరుగు బరువు

సరకుల రవాణాను గురించి ఇటీవల పత్రికలలో విశేషంగా చర్చ సాగుతున్నది. రవాణా, నిల్వ, పంపిణీలకయ్యే వ్యయాన్ని తగ్గించే ఆశయంతో 2022లో కేంద్ర ప్రభుత్వం జాతీయ లాజిస్టిక్స్ విధానాన్ని ప్రకటించింది. ఈ రంగంలో ఎన్ని కొత్త పదాలు పుట్టినా, మన లారీ డ్రైవర్ల నోట ఏనాటినుండో నలుగుతున్న ఒక్క మాటకు అవి సాటిరావు. ఆ మాట ‘రిటర్న్ లోడు’. బండి సరకుతో వెళ్ళి ఖాళీగా తిరిగివస్తే, రానుపోను ఖర్చంతా ఒక్క సరకే భరించాలి. రెండు వైపులా సరకున్న దారిలో ఇరువైపుల వారికీ బేరం ఉన్నదన్న మాట. ఈ కొలబద్దతో చూడదగిన ప్రాంతం బస్తరు.

రైలు రాకపూర్వం బస్తరును సముద్రతీరంతో కలిపినది ఉప్పు. బంజారాలు కోస్తాలోని ఉప్పు కొటారుల నుండి ఎద్దులపై పెరికెలు వేసుకొని, కనుమలెక్కి, జయపురం మీదుగా బస్తరు చేరేవారు. మరలి వచ్చేటప్పుడు ధాన్యమో, నూనెగింజలో తెచ్చేవారు. ఏ దిక్కుకు నడచినా ఎద్దు వీపున బరువు ఉండేది. అంతమాత్రాన ఆ వర్తకం ధర్మంగా సాగిందని భ్రమపడనక్కరలేదు. అడవిలో ఉప్పు అపురూపం. సారపప్పు ఎంత తూగితే అంత ఉప్పు కొలిచి ఇచ్చే బేరం ఇరవయ్యవ శతాబ్దంలోనూ బస్తరు సంతలలో సాగింది. నేడు సారపప్పు ధర ఎరిగిన గృహిణులకు ఆ బేరంలోని అన్యాయం వేరే చెప్పనవసరం లేదు.

తరువాత దశ ఇనుముది. నేటి దంతెవాడ జిల్లాలోని కొండల వరుసకు బైలాడీలా అని పేరు. ఎద్దు మూపురమని దాని అర్థం. అక్కడి ఖనిజం ప్రపంచంలోని మేలుజాతి ఇనుప రాళ్ళలో ఒకటి. యుద్ధానంతరం ఉక్కు పరిశ్రమను పునర్నిర్మించుకుంటున్న జపానుకు ఆ రాయి కావలసివచ్చింది. 1960లో ఒప్పందం కుదిరింది. దాని ఫలితమే విశాఖపట్నం సమీపాన గల కొత్తవలస నుండి కిరండూలు వరకు సుమారు 445 కిలోమీటర్ల రైలుమార్గం. తూర్పు కనుమలను తొలిచి 58 సొరంగాలు వేశారు. ఈ దారిలోని శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తున ఉన్నది. కాశ్మీరుకు రైలు వచ్చేవరకు దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఇదే ఎత్తైనదని చెప్పుకునేవారు. హైదరాబాదు కేంద్రంగా గల జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో కిరండూలు గనిలో ఉత్పత్తి ప్రారంభించింది. భారీ ఓడల కొరకు విశాఖలో వెలుపలి హార్బరు 1976లో వెలిసింది. గని, రైలు, రేవు మూడూ ఒకే గొలుసు కొక్కేలు. సరఫరా గొలుసు అన్న మాట వాడుకలోకి రాకముందే ఆ పని మన కళ్ళెదుట పూర్తయింది.

అయితే ఆ గొలుసు ఒక వైపుకే లాగుతుంది. ఖనిజంతో దిగిన పెట్టెలు ప్రధానంగా ఖాళీగానే కొండెక్కుతూ వచ్చాయి. వాటిలో బియ్యమో, సిమెంటో ఎందుకు పంపరాదని పాఠకులు అడగవచ్చు. అది అనుకున్నంత సులభం కాదు. అవి పైకప్పు లేని పెట్టెలు. అడుగున ఎర్రధూళి పేరుకొని ఉంటుంది. వానలో బస్తాలు పాడవుతాయి. ఇనుప రాయికి బరువెక్కువ, అది ఆక్రమించే చోటు తక్కువ. అందుకని ఆ రాతికే తగినట్లు చేసిన లోతు తక్కువ పెట్టెలో తేలికైన సరకు పోస్తే, పెట్టె నిండుతుంది గాని బరువు నిండదు. ఖాళీ పెట్టెను త్వరగా గనికి చేర్చడమే లాభమని రైల్వేలు లెక్కించడంలో తప్పు పట్టలేము. కాని ఆ లెక్కలో బస్తరు లేదు. ముఖ్యపట్టణమైన జగదల్‌పూరు నుండి ఖనిజం జపాను వరకు వెళ్ళే మార్గం ఏర్పడిన ఎన్నో దశాబ్దాల తరువాత కూడ, తమ రాజధాని రాయపూరుకు రైలులో వెళ్ళాలంటే అక్కడి వారు ఒడిశా మీదుగా చుట్టు తిరగవలసిందే. రావ్‌ఘాట్ నుండి జగదల్‌పూరుకు 140 కిలోమీటర్ల లైనుకు 2025లో గాని కేంద్రం ఆమోదం లభించలేదు.

రైలు పెట్టె కనీసం తిరిగివస్తుంది. గొట్టానికి ఆ బాధ కూడ లేదు. ఎస్సార్ సంస్థ 2000 దశకం మధ్యలో బైలాడీలా నుండి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టం వేసింది. ఖనిజపు పొడిని నీటితో కలిపి, ముద్దనీరుగా చేసి పంపుతారు. 2009లో మావోయిస్టులు దానిని ధ్వంసం చేయగా చాలాకాలం పని నిలిచిపోయింది. టన్నుకయ్యే ఖర్చు రైలు కంటె తక్కువ, దుమ్ము లేదు, డీజిలు లేదు. సరకు రవాణాలో ఇంతకంటె చవక పద్ధతి అరుదు. కాని రాతితో పాటు కొండ నీరు కూడ దిగిపోతుంది. తిరిగివచ్చేది ఏదీ లేదు.

ఈ వరుసలో మార్పు తెచ్చినది జగదల్‌పూరు సమీపాన నగర్నార్ వద్ద వెలసిన ఉక్కు కర్మాగారం. ఏడాదికి 30 లక్షల టన్నుల శక్తి గల ఈ కర్మాగారాన్ని 2023 అక్టోబరు 3న జాతికి అంకితం చేశారు. ఉక్కుకు రాయి ఒక్కటే చాలదు, కోకింగ్ బొగ్గు కావాలి. అది మనకు చాలినంత లేదు. ఎక్కువ భాగం విదేశాల నుండి ఓడలలో రావలసిందే. అంటే రేవు నుండి బొగ్గు కనుమలెక్కాలి, ఉక్కు చుట్టలు దిగాలి. ఉప్పు ఎద్దుల తరువాత ఈ దారికి మరల రెండు వైపులా బరువు దొరికిందని చెప్పవచ్చు. రాయపూరు, విశాఖల నడుమ చేపట్టిన 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి కాంకేర్, కొండగావ్ జిల్లాల మీదుగా పోతుంది. లారీలకు ప్రయాణకాలం బాగా తగ్గుతుంది.

మరి సంతలో గంప పెట్టుకు కూర్చున్న మనిషికి ఇందులో ఏమి దొరుకుతుంది? మన తెలుగువారి చారులో పడే చింతపండులో కొంత బస్తరుదే. జగదల్‌పూరు చింతపండు విపణి దేశంలోని పెద్ద విపణులలో ఒకటి. కాయ పండేది వేసవి ముందు. ఆదివాసీలు ఏరి, ఎండబెట్టి వారపు సంతకు తెస్తారు. అక్కడ కొచియాలనే చిల్లర వ్యాపారులు కొని, పెద్ద వర్తకులకు చేరవేస్తారు. కొచియాను తిట్టిపోయడం తేలిక. కాని లారీ వెళ్ళని పల్లెకు సైకిలుపై వెళ్ళేది అతడే. అసలు కీలకం రోడ్డులో కాక నిల్వలో ఉన్నదని నా అభిప్రాయం. చింతపండు వానలకు చెమ్మ పట్టి నల్లబడుతుంది. నల్లబడితే ధర పడిపోతుంది. శీతల గిడ్డంగి అందుబాటులో ఉన్నవాడు మంచి ధర వచ్చేదాకా ఆగుతాడు. లేనివాడు తొలకరికి ముందే అమ్ముకుంటాడు. దారి ఎంత వెడల్పయినా ఈ తొందర తగ్గదు.

2018 ఏప్రిల్ 14న బస్తరు ప్రాంతంలోని బీజాపూరులో దేశంలోని మొదటి వన్ ధన్ వికాస్ కేంద్రం ప్రారంభమైంది. చింతపండు గింజ తీసి ఇటుకలుగా అదమడం, ఇప్పపూలు నిల్వచేయడం, సారపప్పు శుభ్రం చేసి పొట్లాలు కట్టడం అక్కడ తలపెట్టిన పనులు. గింజ, పెంకు, ఈనె తీసివేసిన పండు తక్కువ చోటులో ఎక్కువ ఇముడుతుంది. లారీ కిరాయి పనికిరాని బరువుకు పోదు. ఆ గింజను వేరే అమ్ముకోవచ్చు కూడ. బట్టల మిల్లులు గంజికి, జనపనార మిల్లులు నూలుకు పట్టించడానికి చింతగింజల పొడిని కొంటాయి.