కర్త లేని వాక్యము

తెలుగులో గాజుగ్లాసు 'పగిలింది'. ఉర్దూలో 'టూట్ గయా'. రెండు భాషలలోను పగులగొట్టినవాడు వాక్యములో కనిపించడు. అదే విధముగా పరీక్ష 'పోయింది', గ్రంథాలయపు పుస్తకము 'ఎక్కడో పడిపోయింది'. ఇటువంటి క్రియలు ఉండటము భాషకు దోషము కాదు. గాలికి తలుపు పడినప్పుడు కర్తను ఎక్కడనుండి తీసుకురాగలము? కాని చేసినవాడు ఎదుటనే నిలిచి ఉండగా కూడా ఈ వాక్యము చాటున దాగుట మనకు అలవాటైనది. భాష బోధించేవారము కనుక మా దృష్టి ముందుగా వ్యాకరణము మీదికే పోతున్నది, పాఠకులు మన్నించాలి.

ఈ విషయమున మన కోస్తాలోనే జరిగిన ఒక ఉదంతము ఉన్నది. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమనున్న శ్రీహరికోట 2022 వరకు మన నెల్లూరు జిల్లాలోనిదే. అక్కడి నుండి 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 రాకెట్టును మొట్టమొదటిసారి ప్రయోగించారు. ఆ ప్రయోగానికి సంచాలకులు ఎ.పి.జె. అబ్దుల్ కలాం, ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్. మొదటి దశ చక్కగా పనిచేసినది. రెండవ దశ అదుపు తప్పినది. 317 సెకన్లలో రాకెట్టు సముద్రము పాలైనది.

ఆనాడు విలేఖరుల ముందుకు ధావన్ గారే వచ్చి వైఫల్యమును తమ మీద వేసుకున్నారని, మరుసటి సంవత్సరము జయము కలిగినప్పుడు మాత్రము కలాం గారిని ముందుకు పంపారని మన సభలలో తరచుగా చెప్పుకుంటాము. మంచి కథయే. అయితే అందులో మనము వదలివేస్తున్న సగము ఇంకా విలువైనదని మా అభిప్రాయము.

వైఫల్యమునకు కారణమేమని శాస్త్రజ్ఞులు పరిశోధించారు. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటము మలినము చేరి మూసుకొనలేదు. ఇంధనమును మండించవలసిన నత్రికామ్లము కారిపోయినది. ఇది సత్యము, సంపూర్ణమైన సాంకేతిక సమాధానము. ఈ వాక్యములో కర్త కవాటమే. అంతటితో సభ ముగించి అందరూ ఇండ్లకు పోవచ్చును. అప్పుడు కలాం గారు లేచి, ప్రయోగమునకు ముందు చివరి నిమిషములలో ఆ ఆమ్లము కారుట తెలిసియు దానిని స్వల్పవిషయముగా తలచినది తామేనని, ప్రయోగమును ఆపవలసినదని, కనుక బాధ్యత తమదేనని సహచరులందరి సమక్షమున చెప్పారు. ఈ సంగతి తమ ఆత్మకథలో వ్రాసుకున్నారు. కవాటము చేసినది కవాటము చేసినది. దానిని తేలికగా తీసుకొన్నది మాత్రము ఒక మనిషి.

పదిమంది నిపుణులు పనిచేసినచోట ఒక్కడు ఎందుకు నెత్తిన వేసుకోవాలని ఎవరైనా అడుగవచ్చును. సలహా చెప్పుటకు ఎన్ని నోళ్ళయినా ఉండవచ్చు. ఆగుమనుటకో, కానిమ్మనుటకో ఉన్నది ఒక్క నోరే. మరి ధావన్ గారు కూడా తనదే అన్నారు కదా, ఇద్దరిలో ఎవరిది నిజము? ఇద్దరిదీ నిజమే. బాధ్యత అన్నదమ్ముల పొలము వంటిది కాదు. ఇద్దరు తీసుకొన్నంత మాత్రాన చెరి సగము కాదు.

బాధ్యత అనగానే రాజీనామా మనకు గుర్తుకు వస్తుంది. 1956లో మహబూబ్ నగర్ దగ్గర, ఆపైన అరియలూరు దగ్గర రైలు ప్రమాదములు జరిగినప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి గారు మంత్రిపదవిని వదలుకొన్నారు. అది గొప్పదే. కాని చెడిన పని దగ్గరనే కూర్చుండి దానిని బాగుచేయుట మరింత కష్టమని మేము తలుస్తాము. కలాం గారిని తొలగించలేదు. పదకొండు నెలల తరువాత, 1980 జూలై 18న, అదే రేవు నుండి అదే తరగతి రాకెట్టు రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. 'నేను పోగొట్టాను' అని నిజము చెప్పిన విద్యార్థికి పదిమందిలో చీవాట్లు, 'పోయింది' అన్నవాడికి చిన్న జరిమానా, ఇదే మన పద్ధతి అయితే కర్త లేని వాక్యమును మనమే నేర్పుతున్నామన్నమాట. జరిమానా ఇద్దరికీ ఉండవలసినదే. అవమానము ఎవరికీ అక్కరలేదు.

'తక్దీర్' అనే మాట మనలో మరొక చాటు. విశ్వాసి దైవనిర్ణయమును నమ్ముతాడు, సరే. కాని ఒంటెను కట్టకుండ వదలి దైవమును నిందించుట తవక్కుల్ కాదని పసిపిల్లలకు సైతము మనము చెబుతాము. అప్పగించినదానిని అమానత్ అంటాము. అమానత్ కు ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు.

మొహర్రములో స్వర్ణాల చెరువు గట్టున, బారా షహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగ చూడండి. కోరిక కోరి రొట్టె పుచ్చుకొన్నవారు, అది నెరవేరితే మరుసటి ఏడు వచ్చి తాము రొట్టె ఇస్తారు. రశీదు లేదు, సాక్షి లేడు, అడిగేవాడు అసలే లేడు. ఎక్కడెక్కడి నుండియో బాకీ గుర్తుపెట్టుకొని వస్తారు. హిందువులు, ముస్లిములు అందరూ.

ఏ కళాశాలలోనైనా కమిటీ తీర్మానముల పుస్తకము తెరచి చూస్తే 'తీర్మానించబడినది', 'చర్యలు తీసుకొనబడును' అని ఉంటుంది. తీసుకొనువారెవరు? ఎన్నడు? అసలు ఈ 'బడు' ప్రయోగము మన నోటివాడుకలో అరుదు. కచేరీ కాగితములలోనే బలిసినది. మా కమిటీ పెద్దలకు మనవి ఏమనగా, ప్రతి తీర్మానము చివర ఒక్క పేరు, ఒక్క తేదీ వ్రాయండి. 'ఉపసంఘము' అని కాదు, ఒక మనిషి పేరు. విద్యార్థి సోదరులు క్రీడాసామగ్రి గదితో మొదలుపెట్టవచ్చును. తాళపుచెవి ఈ వారము ఎవరి దగ్గర ఉన్నదో తలుపు మీద ఒక కాగితము అంటించుట చాలును. అందులో మా పేరు వ్రాయవలసిన వారము వస్తే అదీ వ్రాయండి.