ట్రక్కు కింద బోల్టులు కూడా మన సేద్యంలో భాగమే

పై వీడియోలో ట్రాక్టరు ట్రక్కు కమాన్ పట్టీలు విప్పి చూపించాను. ప్రకృతి సేద్యం చెప్పేచోట ఈ మెకానిక్ పనేంటి అని కొందరు అంటారు, తెలుసు. నన్నడిగితే ట్రక్కు గురించి అందరికంటే ముందు పట్టించుకోవాల్సింది మనమే.

రసాయన ఎరువులు వేసే రైతు ఎకరానికి సరిపడా బస్తాలు మోటారు సైకిల్ మీద కూడా తెచ్చుకోగలడు. మనకి ఘనజీవామృతమే ఎకరానికి 400 కిలోలు. పదెకరాలంటే 4 టన్నులు. ఇంకా పశువుల ఎరువు ఉంది, కొల్లేరు వైపైతే చేపల చెరువుల్లో తీసిన మట్టి ఉంది. తడి మట్టి ఘనపు మీటరు ఒకటిన్నర టన్నుకి పైనే తూగుతుంది. గడ్డి ఎత్తినట్టు దాన్నీ అంచుల దాకా నింపేస్తున్నాం. పైగా పేడ, మూత్రం తడికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఆ తడి సందుల్లోంచి కారి పట్టీల మీదే పడుతుంది.

దారులు సరేసరి. తాడేపల్లిగూడెం మెట్టలో కాస్త నయం. ఏలూరు దాటి కొల్లేరు వైపు దిగితే నల్లమట్టి గట్లు, వానకి జారుడు, ఎండకి నెర్రెలు. ఒక చక్రం గుంటలో, ఇంకోటి మిట్ట మీద. ఆ మెలికంతా మోసేది యూ బోల్టులు, బుష్‌లే.

యూ బోల్టు ఇరుసుని పట్టీలకి అదిమి పట్టుకుంటుంది. అది వదులైతే ఒత్తిడంతా సెంటర్ బోల్టు మీద పడి తెగిపోతుంది. అప్పుడు ఇరుసు ఒకపక్క వెనక్కి జరిగి, ట్రక్కు పీతలాగా అడ్డంగా నడుస్తుంది. కాలవ గట్టు మీద అలా నడిస్తే ఏమవుతుందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. నాట్లకి ఆడవాళ్లని ఎక్కించుకెళ్లేదీ ఆ ట్రక్కులోనే కదా. ఎక్కించకూడదు, అయినా ఎక్కిస్తున్నాం.

చూడటం కష్టమేం కాదు. నట్టు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే లోపల కదులుతోందని అర్థం. పట్టీ పక్కన కొత్తగా మెరిసే గీత కనపడినా అంతే. రెండు చక్రాల ట్రక్కయితే టేపు పెట్టి హుక్కు నుంచి రెండు పక్కల చక్రం మధ్యకి కొలవండి, తేడా ఉంటే ఇరుసు జరిగినట్టే. బుష్‌ కోసం చాసీని జాకీతో లేపి, కింద చెక్క దిమ్మెలు పెట్టి, పిన్ను దగ్గర గునపంతో ఎత్తి చూడండి. టకటకమని ఆడితే మార్చాల్సిందే. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి దూరొద్దు. గ్రీజు నిప్పిల్ ఉన్న పిన్నుకి పాత నల్ల గ్రీజు బయటికొచ్చే దాకా కొట్టాలి. రబ్బరు బుష్‌కి గ్రీజు గానీ కాలిన ఆయిల్ గానీ తగలనివ్వొద్దు, ఉబ్బి పాడవుతుంది.

యూ బోల్టులు కొత్తవి వేస్తే చక్రాల మీద బరువు ఉండగా, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించండి. ఒకటి రెండు లోడులు తిరిగాక మళ్లీ బిగించాలి. ఈ రెండోసారి సంగతే అందరూ వదిలేస్తారు.

నాకు ఒప్పుకోబుద్ధి కానిది వెల్డింగ్. పట్టీ విరిగినా, యూ బోల్టు తెగినా అతుకేయించి పంపేస్తున్నారు. వేడికి ఆ ఉక్కు పదును పోతుంది, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. కొత్త బోల్టుకయ్యే ఖర్చు ఒక లోడు కిరాయి ముందు ఎంతండీ?

గ్రూపుగా కొన్న ట్రక్కుల పరిస్థితి ఇంకా ఘోరం. వాడేది పదిమంది, గ్రీజు కొట్టేవాడు ఒక్కడూ ఉండడు. జీవామృతం డ్రమ్ము కలపడానికి వంతులు వేసుకుంటున్నాం కదా, ట్రక్కుకీ వేసుకోవచ్చు. కాలవలు కట్టేసిన ఎండాకాలంలో ఒక పూట చాలు, సార్వా పనులు మొదలయ్యేలోపు అయిపోతుంది. గ్రీజు గన్ ఎవరింట్లో ఉందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.